కాలేజీ గ్రంథాలయమూ, వెదికే విద్యా

మన కాలేజీల్లో గ్రంథాలయం వున్నదా అని ఎవరైనా అడిగితే వున్నదనే చెప్పాలి. గది వున్నది, బీరువాలు వున్నాయి, బీరువాలకు తాళాలూ వున్నాయి. కాని అందులో పుస్తకాన్ని ఎలా వెదకాలో, దొరికిన పుస్తకాన్ని ఎలా ప్రశ్నించాలో విద్యార్థికి నేర్పే మనిషి వున్నాడా అని అడిగితే చాలాచోట్ల జవాబు దొరకదు. అటువంటి మనిషి వున్నచోట అతన్ని ఉపాధ్యాయుడుగా లెక్కించరు. ఈ రెండు విషయాలకూ దగ్గర సంబంధం వున్నది. దాని వెనక నూట యాభై యేళ్ళకు పైబడిన చరిత్ర కూడా వున్నది. ఆ చరిత్ర గురించి మాట్లాడే అర్హత నాకు పాండిత్యం వల్ల రాలేదు. ఒక విద్యార్థి ముందు సిగ్గుపడవలసి రావడం వల్ల వచ్చింది.

1981లో నేను కోస్తాలోని ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణి అనడం కంటె నోట్సు రాయించేవాణ్ణి అనడమే నిజం. ఆ రోజు పాఠం 1832–33 నాటి గుంటూరు కరువు. మన పెద్దలు దాన్నే నందన కరువనీ, డొక్కల కరువనీ అన్నారు. అయిదు లక్షల జనంలో రెండు లక్షలమంది చనిపోయారని ఎన్నో యేళ్ళుగా రాయిస్తున్నట్టే ఆనాడూ రాయించాను. వెనక బెంచీలోనుంచి ఒక కుర్రవాడు లేచాడు. వాళ్ళది వ్యవసాయ కూలీల ఇల్లు. ‘‘మాస్టారూ, ఆ లెక్క ఎవరు వేశారండీ?’’ అన్నాడు. ‘‘పుస్తకంలో వుందయ్యా’’ అన్నాను. ‘‘ఆ పుస్తకం రాసినాయనకి ఎవరు చెప్పారండీ?’’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. కాని నాకు జవాబు తెలియదు. ఎమ్మే చదివి, పన్నెండేళ్ళు పాఠాలు చెప్పి కూడా, ఆ సంఖ్య ఎక్కడనుంచి వచ్చిందని నేను ఒక్కసారీ అడిగివుండలేదు.

స్టాఫ్ రూములో ఈ సంగతి వేళాకోళంగా చెబుతుంటే మా లైబ్రేరియన్ గారు విన్నారు. ‘‘ఆ కుర్రాణ్ణి నా దగ్గరకు పంపండి మాస్టారూ. తీరితే మీరూ రండి’’ అన్నారు. ఆ పిలుపులో కొంచెం ఎత్తిపొడుపు లేకపోలేదు. నేను వెళ్ళాను. మూడు మధ్యాహ్నాలు వరసగా వెళ్ళాను.

మొదటిరోజు ఆయన మమ్మల్ని కార్డుల సొరుగుల ముందు నిలబెట్టి, వెదకమన్నారు. కుర్రవాడు ‘గుంటూరు’ అన్న కార్డుల దగ్గరకు వెళ్ళాడు. ఫ్రైకెన్‌బర్గ్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1965లో ప్రచురించిన గుంటూరు జిల్లా చరిత్ర తప్ప పాతకాలపుది ఒక్కటీ లేదు. ‘‘ఇంకేమీ లేవండీ’’ అన్నాడు. ‘‘అసలు 1883లో గుంటూరు జిల్లా వున్నదా?’’ అని అడిగారు లైబ్రేరియన్ గారు. మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. గుంటూరు జిల్లాను 1859లో రద్దుచేశారు. 1904లో మళ్ళీ ఏర్పాటు చేశారు. మధ్యలో ఆ ప్రాంతం కృష్ణా జిల్లాలో వున్నది. కనక ఆ కాలపు పుస్తకాలు ‘కృష్ణా’ అనే పేరు కిందనే దొరుకుతాయి. అట్లా వెదికితే మెకంజీ దొర 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ అడుగు బీరువాలో, ఎవరో దానమిచ్చిన పాత పుస్తకాల మధ్య బయటపడింది. చరిత్ర ఉపాధ్యాయుడిగా నాకు 1859 తెలుసు, 1904 తెలుసు. ఆ తేదీలు పుస్తకాలు వెదకడానికి పనికొస్తాయని మాత్రం తెలియదు.

రెండోరోజు అడుగు గమనికలు చదవడం చూపించారు. పుస్తకంలో పైన రాసినదాన్ని నమ్మేముందు కింద చిన్న అక్షరాల్లో ఏమున్నదో చూడాలన్నారు. ఆ చిన్న అక్షరాల వెంట నడిస్తే దారి జిల్లా కలెక్టరుకూ మద్రాసులోని రెవిన్యూ బోర్డుకూ నడిచిన ఉత్తరాల దగ్గరకు పోయింది. మూడోరోజు ఒక కాగితం మీద మూడు ప్రశ్నలు రాసి ఇచ్చారు: ఈ మాట ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎవరికి చూపించడానికి రాశారు?

నాలుగోనాడు కుర్రవాడు రెండు ఠావులు రాసుకొచ్చాడు. మద్రాసు రాజధానిలో క్రమమైన జనాభా లెక్కల సేకరణ 1871లోగాని జరగలేదు. అంతకుముందు జనాన్ని లెక్కపెట్టిందల్లా శిస్తు వసూలుచేసే యంత్రాంగమే. కనక రెండు లక్షలన్నది అంచనాయే గాని లెక్క కాదు. అంచనా కనక దాన్ని పారవేయనవసరం లేదు. అంచనా అని చెప్పి వాడుకోవాలి. ఇంతవరకూ నేనైనా రాయగలిగేవాణ్ణేమో. చివరి వాక్యం మాత్రం నాకు తట్టేది కాదు. రైతు చనిపోతే కచేరీకి శిస్తు బకాయి రూపంలో తెలుస్తుంది, శిస్తు కట్టని కూలివాడు చనిపోతే ఏ పద్దులో తెలుస్తుంది అని రాశాడు. తన తాత ముత్తాతలు ఏ పద్దులోనూ లేరని ఆ కుర్రవాడు కనిపెట్టాడు. గుంటూరు కరువు గురించి నేను పన్నెండేళ్ళలో రాయించిన నోట్సు అంతా కలిపినా ఆ ఒక్క ప్రశ్నకు సరిపోదు.

పరిశోధన అంటే ఏమిటో ఆ మూడు మధ్యాహ్నాల్లో నేర్పిన ఆ మనిషి పేరు మా కాలేజీ హాజరు పట్టీలో బోధనేతర సిబ్బంది కింద, గుమాస్తాల పేర్ల తరవాత వుండేది. మొదటి సంవత్సరం విద్యార్థులకు వారానికి ఒక్క పీరియడు తనకివ్వమని ఆయన ప్రతి యేడూ అర్జీ పెట్టేవారు. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకుంటే చాలు, పాఠాలు చెప్పడానికి లెక్చరర్లున్నారని ప్రతి యేడూ జవాబు వచ్చేది. ఇది ఒక కాలేజీ యాజమాన్యపు మూర్ఖత్వం మాత్రమే అయితే ఇంత రాయనవసరం లేదు. ఆ జవాబు మన ఉన్నత విద్య పుట్టుకలోనే వున్నది.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. లండను విశ్వవిద్యాలయం నమూనాలో పుట్టిన ఈ సంస్థలు పాఠాలు చెప్పేవి కావు, పరీక్షలు పెట్టేవి. పరీక్ష పెట్టే సంస్థకు ప్రశ్నపత్రం కావాలి, పట్టా కావాలి, గ్రంథాలయం దేనికి? మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయం 1907లో ప్రారంభమయింది. అంటే ఒక విశ్వవిద్యాలయం యాభై యేళ్ళపాటు గ్రంథాలయం లేకుండా పట్టాలిచ్చింది. అందులో ఎవరికీ వింత కనబడలేదు. 1917లో నియమించిన కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్, అంటే సాడ్లర్ కమిషన్, మన విద్యలో గ్రంథాలయానికున్న స్థానం ఎంత అల్పమైనదో గమనించి విమర్శించింది. పాఠ్యపుస్తకాన్ని కంఠస్థం చేసి పరీక్షలో ఒప్పగించే చదువులో రెండో పుస్తకం అనవసరం. రెండో పుస్తకం వస్తే మొదటి పుస్తకం మీద అనుమానం వస్తుంది. అనుమానం వచ్చే యువకులు వలస ప్రభుత్వానికి అవసరం లేదు.

మరొకచోట ఇది వేరుగా జరిగింది. పందొమ్మిదో శతాబ్దంలో బెర్లిన్‌లో రాంకె తన విద్యార్థులను బల్ల చుట్టూ కూర్చోబెట్టుకుని మూలపత్రాలను పరీక్షించడం నేర్పాడు. ఆ పద్ధతి జర్మనీనుంచి అమెరికాకు పోయింది. ఉపన్యాసం విని అప్పగించే చదువు పోయి మూలాలు చూసే చదువు వచ్చేసరికి, గ్రంథాలయం కాలేజీలో ఒక మూలనుంచి మధ్యకు రావలసి వచ్చింది. 1870లలో రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో రాబిన్‌సన్ అనే గణితాచార్యుడు గ్రంథాలయాధిపతిగా కూడా పనిచేస్తూ, విద్యార్థుల మధ్యకు వెళ్ళి పుస్తకాలను ఎలా వాడుకోవాలో చెప్పేవాడు. పుస్తకాలను కాపాడేవాడే పుస్తకాల వాడకం నేర్పాలని గట్టిగా చెప్పిన తొలివాళ్ళలో ఆయన ఒకడు.

మన దేశంలో ఆ పని చేసినవాడూ గణిత ఉపాధ్యాయుడే కావడం విశేషం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చెబుతున్న ఎస్. ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధిపతి అయ్యాడు. చేరిన కొద్దిరోజులకే విసుగెత్తి, తిరిగి పాఠాలు చెప్పుకోనివ్వండని ప్రిన్సిపాల్ దగ్గరకు పోయాడు. ముందు ఇంగ్లండు వెళ్ళి రా, అప్పటికీ ఇష్టం లేకపోతే చూద్దామని ఆయన పంపించాడు. లండనులో చదువుకుంటూ, అక్కడి గ్రంథాలయాలు సామాన్య జనానికి, కార్మికులకు, పిల్లలకు ఎట్లా ఉపయోగపడుతున్నాయో చూశాక ఆయన మనసు మారింది. 1925లో తిరిగివచ్చిన తరవాత మళ్ళీ గణితం మాట ఎత్తలేదు. ఆయన అయిదు సూత్రాల గ్రంథం 1931లో వచ్చింది. వాటిలో మొదటి సూత్రం సారాంశం, పుస్తకం వున్నది వాడుకోవడానికి అన్నదే. ఇంత మామూలు మాటకు ఒక సూత్రమా అనిపించవచ్చు. కాని మధ్యయుగాల్లో యూరప్ గ్రంథాలయాల్లో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టేసేవారు. మన కాలేజీలో ఇష్యూ కౌంటరుకు బిగించిన ఇనపవల ఆ గొలుసుకు తోబుట్టువే. దాని వెనక ఆ మామూలు మాటకు చోటు లేదు.

రంగనాథన్ 1940లో పాఠకసేవ మీద రాసిన గ్రంథంలో పాఠకులకు చేసే సహాయాన్ని నాలుగు రకాలుగా విభజించాడు. వాటిలో మొదటిది కొత్తగా వచ్చిన విద్యార్థికి గ్రంథాలయంలోకి ‘ప్రవేశం కల్పించడం’. ఒకరకంగా అక్షరాభ్యాసం వంటిది. గణిత ఉపాధ్యాయుడు గ్రంథాలయంలో అడుగుపెట్టినా ఉపాధ్యాయుడుగానే మిగిలాడన్నమాట. ఈ విషయం మనవాళ్ళు మరిచారు. రంగనాథన్‌ను వర్గీకరణ పద్ధతి కనిపెట్టినవాడుగా పొగుడుతారు. పుస్తకాల వెన్నుమీద అంకెలు అంటించి, ఆయన ఋణం తీరిందనుకుంటారు. ఆ అంకెలు ఏమిటో చదవడం విద్యార్థికి నేర్పరు. అంకె తెలియని విద్యార్థికి అది మరో తాళం.

ఇక్కడ తెలుగు దేశపు చరిత్ర ఒకటి చెప్పాలి. అది మనకు గర్వకారణమూ, సిగ్గుచేటూ కూడా. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయం వెలిసింది. తెలుగుకు బడిలో చోటు లేని రాజ్యంలో తెలుగువాడికి గ్రంథాలయమే బడి అయింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1935లో పెదపాలెంనుంచి కాలువమీద పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరికీ తిరిగారు. ఈ గ్రంథాలయాల్లో చదువురానివాడికి పత్రిక చదివి వినిపించేవారు. ఇది ఎందుకు ఇట్లా రాశారని అడిగితే చర్చ జరిగేది. అంటే పల్లెటూరి గ్రంథాలయంలో పుస్తకానికీ మనిషికీ మధ్య మరొక మనిషి వున్నాడు. బియ్యే చదివే కాలేజీలో మాత్రం పుస్తకానికీ విద్యార్థికీ మధ్య ఇనపవల వున్నది. రైతుకు దొరికిన సహాయం రైతు కొడుక్కి కాలేజీలో దొరకలేదు. ఉద్యమంగా పుట్టింది కచేరీగా మారితే ఏమవుతుందో ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

అయితే లైబ్రేరియన్లకు పీరియడ్లు ఇచ్చినంతమాత్రాన అంతా చక్కబడుతుందా? చక్కబడదు. 1960నుంచి 1962 దాకా డెట్రాయిట్ నగరంలోని వేన్ విశ్వవిద్యాలయంలో, మాంటీత్ కాలేజీలో పెట్రీషియా నాప్ అనే గ్రంథాలయ ఆచార్యురాలు ఒక ప్రయోగం చేసింది. గ్రంథాలయ శిక్షణను విడిగా కాకుండా అసలు పాఠాల్లోనే కలిపి నడపాలన్నది ఆమె ప్రయత్నం. ఆమె అనుభవంలో రెండు సంగతులు తేలాయి. పాఠంలోని నిజమైన ప్రశ్నతో సంబంధం లేకుండా ఫలానా పుస్తకం వెదికి తెమ్మంటే విద్యార్థి దాన్ని దాగుడుమూతల ఆటగా చూస్తాడు. రెండోది, అసలు అడ్డంకి చాలాసార్లు విద్యార్థి దగ్గర కాదు, ఉపాధ్యాయుల దగ్గర వున్నది. ఈ రెండో సంగతి చదివినప్పుడు నాకు మా స్టాఫ్ రూము గుర్తొచ్చింది. లైబ్రేరియన్ గారి అర్జీని తోసిపుచ్చింది యాజమాన్యమే కావచ్చు. కాని దాని మీద మా సంతకాలు ఎందుకు లేవు? మేం జీతాల కోసం సమ్మె చేశాం, బహిరంగసభలు పెట్టాం, ప్రజాస్వామ్యం గురించి మాట్లాడాం. విద్యార్థి మా నోట్సును సరిచూసుకోగలగడం కూడా ప్రజాస్వామ్యమేనని మాకు తోచలేదు. తోచినా ఇష్టపడేవాళ్ళం కామేమో. నోట్సు చెప్పే ఉపాధ్యాయుడికి గ్రంథాలయం పోటీదారు.

కాగితంమీద మాత్రం న్యాయం జరుగుతూనే వచ్చింది. 1948–49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ గ్రంథాలయాన్ని విశ్వవిద్యాలయానికి గుండెకాయ వంటిదన్నది. 1957లో యూజీసీ రంగనాథన్ అధ్యక్షతనే కమిటీ వేసింది. లైబ్రేరియన్లకు ఉపాధ్యాయులతో సమానమైన హోదా, జీతం వుండాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. ఆ తరవాతి దశాబ్దాల్లో జీతాల స్కేళ్ళు కొంత మారాయి కూడా. జీతం మారినచోట కూడా పని మారలేదు. బోధకుడి స్కేలు ఇచ్చి, బోధించే పీరియడు ఇవ్వకపోవడం మన విద్యావిధానానికే చెల్లింది.

ఈనాటి సంగతి చూద్దాం. 1991లో ఇన్‌ఫ్లిబ్‌నెట్ మొదలయింది. 2010లో వచ్చిన శోధగంగలో దేశం నలుమూలల సిద్ధాంత గ్రంథాలు ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ఆ కుర్రవాడికి మూడు మధ్యాహ్నాలు పట్టిన పని ఇప్పుడు గంటలో కావచ్చు. ఇది గొప్ప మార్పు. దీన్ని తక్కువచేసి మాట్లాడేవాడు ప్రగతి వ్యతిరేకి. కాని వెదికే విద్య ఎప్పుడు నేర్పుతున్నాం? పీహెచ్‌డీ విద్యార్థికి 2009నుంచి కోర్సువర్కు తప్పనిసరి చేశారు. 2019 చివర పరిశోధనా నీతి మీద ప్రత్యేక పాఠం తప్పనిసరి చేశారు. ఆరేళ్ళ వయసునుంచి ఎత్తిరాయడమే చదువని నేర్పి, పాతికేళ్ళు వచ్చాక ఎత్తిరాయడం దొంగతనమని చెబుతున్నాం. నీతి గురించి ఉపన్యాసం కంటె, ఈ మాట ఎక్కడనుంచి వచ్చిందని అడిగే అలవాటు పదిహేడేళ్ళకే నేర్పివుంటే ఆ ఉపన్యాసం అవసరం సగం తగ్గేది. పైగా పీహెచ్‌డీ దాకా వచ్చేవాళ్ళు ఎంతమంది? డిగ్రీతో చదువు ఆపి పొలానికో, దుకాణానికో, కంపెనీకో పోయే లక్షలమందికి ఆ విద్య అక్కరలేదా? దినపత్రికలో ప్రభుత్వం వేసిన లెక్కను చూసి ‘ఎవరు వేశారు?’ అని అడగవలసింది వాళ్ళే.

ఇప్పుడు ఫోనులో నందన కరువు గురించి అడిగితే రెప్పపాటులో చక్కని పేరా రాసి ఇచ్చే యంత్రాలు వచ్చాయి. రెండు లక్షల అంకె అందులోనూ వుండవచ్చు. నేను 1981లో రాయించిన నోట్సుకూ దానికీ నాకు పెద్ద తేడా కనబడదు. రెండూ ఆధారం చెప్పవు, రెండూ ఆత్మవిశ్వాసంతో మాట్లాడతాయి. నోట్సును నమ్మడానికి అలవాటుపడ్డ విద్యార్థి యంత్రాన్నీ నమ్ముతాడు. తప్పు యంత్రం మీదికి తోసి మనం తప్పించుకోలేం; దానికి పాఠకుణ్ణి తయారుచేసింది మనమే.

చెయ్యవలసిన పనులు పెద్దవేమీ కావు. మొదటి సంవత్సరం టైంటేబిలులో వారానికి ఒక పీరియడు లైబ్రేరియన్‌కు ఇవ్వాలి. పరీక్షల కాలంలో ముందుగా ఎగిరిపోయే పీరియడు అదే కాకూడదు. లెక్చరరూ లైబ్రేరియనూ కలిసి టర్ముకొక చిన్న ప్రశ్న ఇవ్వాలి: మన ఊరి చెరువు గురించో, మన తాలూకా కౌలు గురించో. జవాబుకే కాక, ఏ దారిన వెదికారో చెప్పినందుకు కూడా మార్కులు వుండాలి. బీరువాల తాళాలు తీయాలి. తీస్తే పుస్తకాలు పోతాయంటారు. కొన్ని పోతాయి. ఎవరూ ముట్టని పుస్తకాన్ని చెదలు తింటుంది. ఆ నష్టాన్ని ఏ స్టాకు రిజిస్టరులోనూ రాయరు. ఖాళీగా వున్న లైబ్రేరియన్ ఉద్యోగాల మాట ఉపాధ్యాయ సంఘాల కోర్కెల పత్రంలో చివరి అంశంగా కాక ముందు అంశంగా రావాలి. విద్యార్థి సంఘాలు కూడా ఫీజుల గురించి అడిగినంత గట్టిగా పీరియడు గురించి అడగాలి.

మా లైబ్రేరియన్ గారు బోధనేతర సిబ్బందిగానే రిటైరయ్యారు. ఆయనకు ఆ పీరియడు రాలేదు. ఆ కుర్రవాడు హైస్కూలు మాస్టరయ్యాడు. నేను చేసింది చాలా చిన్న పని. మరుసటి యేడు కరువు పాఠం వచ్చినప్పుడు నోట్సులో ఆ వాక్యం మార్చి, ‘రెండు లక్షలమంది చనిపోయారని శిస్తు కచేరీ కాగితాలమీద ఆధారపడిన అంచనా, అందులో కూలీలు ఎందరో తెలియదు’ అని రాయించాను. ముందు బెంచీలో ఒకతను చెయ్యెత్తి, పరీక్షలో ఇంతా రాయాలా సార్ అని అడిగాడు. నేను జవాబు చెప్పకుండా, క్లాసును లేపి లైబ్రరీకి తీసుకుపోయాను.